పచ్చి చెక్కకి పచ్చ బిట్టు

బావ సంచిని బల్ల మీద బోర్లించగానే, లేతు మీద కొయ్య పని చేసే తరిణివాడికి ఒళ్ళు మండింది. మూడు డ్రిల్లు బిట్లు. మూడూ ఆకుపచ్చ రంగువే.

“ఇవేంటి బావా?”

“నువ్వడిగినవే. పచ్చ చెక్క బిట్లు. ఎర్రవి అంటగట్టబోయాడు షాపువాడు. నా దగ్గరా? పచ్చవే ఇమ్మన్నాను.”

“పచ్చ కాదు, పచ్చి. తడి ఆరని చెక్క.”

“ఒక్క గుడే కదరా తేడా.”

“ఆ గుడి దగ్గరే కొంప మునిగింది. ఇవి గోడలకి కన్నాలేసేవి. చెక్కలో పెడితే పొగ వస్తుంది, కన్నం రాదు.”

అక్క ఇంట్లో లేనప్పుడు ఆమె పెంచుకున్న మల్బరీ చెట్టుని కారుకి అడ్డమని కొట్టించేశాడీ బావ. పద్దెనిమిది రోజులైంది, ఆమె మొగుడితో మాట్లాడటం లేదు. కూర ఎలా ఉందో కూడా గోడనే అడుగుతోంది. ఆ చెట్టు చెక్కతో తమ్ముడు ఒక కూజా చేసిస్తే అప్పుడు చూద్దాం అని కూడా గోడతోనే అంది. కొట్టినవాళ్ళు పట్టుకుపోగా మిగిలినవి రెండే మొద్దులు. త్వరగా ఆరుతుందని ఒకదాన్ని ఎండలో పెట్టి నిలువునా పగలగొట్టింది కూడా బావే.

రెండోది తడి గోనె చుట్టుకుని లేతు మీద ఉంది. చివర వెంట్రుకంత బీట అప్పుడే కనిపిస్తోంది. నడిమి బెండుని ఇవాళ తొలిచేస్తే బతుకుతుంది, లేకపోతే రేపటికి రెండు ముక్కలు. ఉన్న బిట్టుకి గాడి సన్నం. తడి పొట్టు పిండిముద్దలా ఇరుక్కుని పొద్దున్నే విరిగింది. అందుకే పొట్టుని పైకి తోడే వెడల్పు గాడి ఉన్న పొడుగాటిది తెమ్మన్నాడు. ఇప్పుడు షాపు కూడా కట్టేశారు.

గొణుక్కుంటూ పాత పెట్టెంతా తిరగేస్తే అడుగున తండ్రి వాడిన చేతి బరమా బిట్టు దొరికింది. గాడి బొటనవేలంత వెడల్పు. కాని కొసన మరమేకులాంటి మర ఉంది. చేత్తో తిప్పేటప్పుడు అదే లోపలికి లాక్కుపోతుంది. లేతు మీద అలా లాగితే మొద్దు ఎగిరి మొహం మీదకొస్తుంది. కూర్చుని ఆకురాయితో ఆ మరని అరగదీయడం మొదలెట్టాడు.

“అరగదీస్తే మొద్దుబారదూ?” అన్నాడు బావ.

“బావా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటే పుణ్యముంటుంది.”

ఫోను మోగింది. అక్క. “ఏమైందిరా?”

కడుపులో ఉన్నదంతా కక్కేశాడు, పచ్చ బిట్లతో సహా. అక్క ఫక్కున నవ్వింది.

“ఆ మనిషికివ్వు ఫోను.”

బావ భయం భయంగా చెవికి ఆనించుకున్నాడు. తిట్లు ఇంత దూరం వినబడుతున్నాయి. చూస్తుండగానే అతని మొహం చేటంతయింది.

“తిడుతోందిరా,” అన్నాడు ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి. “నన్నేరా. గోడని కాదు.”

“సంతోషం.” తరిణివాడు ఆ బిట్టుని లేతుకి బిగించి మోటారు వేశాడు. “ఇటొచ్చి బిట్టుని దింపే ఈ వెనక చక్రం తిప్పు. రెండు వేళ్ళ లోతు దిగగానే వెనక్కి లాగాలి, పొట్టు దులపాలి, మళ్ళీ దింపాలి. తొందరపడ్డావో, ఈసారి గోడతో కూడా మాట్లాడదు.”

బావ ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పాడు. తడి పొట్టు మెలికలు మెలికలుగా చొక్కా మీద పడుతోంది. “ఊఁ... అవును... నాదే తప్పు,” అంటున్నాడు ఫోనులోకి. ప్రతి తప్పుకీ ఒకసారి ఆగి, బిట్టు వెనక్కి లాగి, మళ్ళీ దింపుతున్నాడు.

జన్మలో మొదటిసారి పని సరిగ్గా చేస్తున్నాడని తరిణివాడు పైకి అనలేదు. అంటే ఆపేస్తాడు.