ఇతరములు

ఆ సోమవారం మధ్యాహ్నం మూడు గంటల లోపు తేజేశ్వర్ చేయవలసిన పనులు:

యూపీఎస్ బ్యాటరీలో నీళ్లు పోయించాలి.
ప్రింటరుకు కొత్త రిబ్బన్ దొరికిందేమో నబీ సాహెబును అడగాలి.
వచ్చిన ప్రతి అర్జీనీ కంప్యూటర్లో ఎక్కించి, అర్జీదారు చేతికి నంబరు చీటీ ఇవ్వాలి.
గడువు దాటిన అరవై మూడు అర్జీలను మూసేయాలి.
ఎరుపు ఒక్కటి కూడా మిగల్లేదని సూపరింటెండెంట్ గారికి చెప్పాలి.
అమ్మకు ఫోన్ చేయాలి.

చివరిదొక్కటే అతని సొంత పని. మిగతావన్నీ సూపరింటెండెంట్ రాఘవేంద్రప్రసాద్ పొద్దున్నే బల్ల ముందు నిలబడి వేళ్లు మడిచి చెప్పినవి. కోసిగి దాటి ఇంకా పడమటికి పోతే వచ్చే మండలమది. పేరు రాస్తే ఎవరో ఒకరి వైపు వేలు చూపినట్టవుతుంది, వద్దు. రెండువేల ఎనిమిది, మార్చి నెల. మండలానికి పెద్ద అధికారి పోస్టు ఖాళీగా ఉండడంతో ఆ బరువు కూడా రాఘవేంద్రప్రసాద్ నెత్తి మీదే ఉంది.

అంతకు ముందు ఏడాది నుంచి సోమవారం అర్జీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. ఎక్కిన అర్జీ పదిహేను రోజుల్లో తేలాలి. తేలకపోతే తెర మీద ఆ వరుస ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఈ ఆఫీసులోనే కాదు, పైఆఫీసులో కూడా కనబడుతుంది. సర్కారు పనికి జవాబుదారీ ఉండాలని పెట్టిన ఏర్పాటు అది.

మొదట్లో తేజేశ్వర్ దాన్ని చూసి పొంగిపోయిన మాట నిజం. కోడుమూరులో వాళ్ల నాయన పుల్లన్న నాలుగెకరాల మెట్ట పొలం పాసుపుస్తకం కోసం మూడేళ్లు తిరిగాడు. తిరిగినప్పుడల్లా 'నీ కాగితం కనపడలేదప్పా' అనేవాళ్లు. అందుకే ఉద్యోగంలో చేరిన వారానికి ఇంటికి పోయి, "నాయనా, ఇంగ కాగితం పోయిందనే మాటే ఉండదు. కంప్యూటర్లో ఎక్కిందంటే దాన్ని ఎవరూ తీసేయల్యారు" అని చెప్పాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పనిచేసే మొదటివాడూ అతనే. ఉద్యోగం మాత్రం సర్కారుది కాదు, కర్నూల్లో ఒక ఏజెన్సీది. ఏటా మార్చి ముప్పై ఒకటికి తీరిపోతుంది. ఆఫీసు 'పని బాగుంది' అని రాసిస్తే మళ్లీ ఏడాది.

అర్జీ మూయడం అంటే మూడు నొక్కులు. వరుస మీద ఒకటి, 'పరిష్కరించబడినది' అనే మాట మీద ఒకటి, సరే అని ఒకటి. వివరం రాసే గడిలో ఒకే వాక్యం: 'సంబంధిత శాఖ దృష్టికి తీసుకొనిపోయి పరిష్కరించడమైనది.' దాన్ని ఒక చోట రాసిపెట్టుకుని అన్నిటికీ అతికించేవాడు. మొదటి నెలలో అలా కాదు, ప్రతి శాఖకూ ఫోన్ చేసి అడిగేవాడు. ఫోన్ బిల్లు చూసి రాఘవేంద్రప్రసాద్ ఆ అలవాటు మాన్పించాడు.

పదకొండు గంటలకు అటెండర్ నబీ సాహెబు టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. తేజేశ్వర్‌ను ఆఫీసుకు వచ్చేవాళ్లంతా పిలిచినట్టే కంప్యూటరప్ప అనే పిలుస్తాడు.

"ఏమప్పా కంప్యూటరప్పా, పొద్దున్నుంచి ఎన్ని సంపినావు?"

"నలభై ఒకటి మామా."

"శానా పుణ్యం. నేను ముప్పై ఎనిమిదేండ్ల సర్వీసులో దోమల్ని గూడ అన్ని సంపలేదు."

ఆ నవ్వులోనే వచ్చింది జీవమ్మ. హులికంటి కాలనీ మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. ఒక చేతిలో అర్జీ కాగితం, ఇంకో చేతిలో మూరెడు జొన్న దంటు.

"మళ్ల వచ్చినా నాయనా."

"రా అక్కా. ఏమి సంగతి?"

"అదే సంగతి. వైరు." దంటును కీబోర్డు పక్కన పెట్టింది. "క్రిస్మస్‌కు ముందు ఒకసారి అర్జీ ఇస్తి. అప్పుడు మా రేకులకూ వైరుకూ నడుమ రెండు మూరలు ఉండె. నెల కిందట ఇంగోసారి ఇస్తి. ఇప్పుడు సూడు, ఇంతే ఉండాది."

"వైరు కాడ దంటు పెట్టి కొలిచినావా యేమి?" తేజేశ్వర్ ఉలిక్కిపడ్డాడు.

"నాకేమన్నా పిచ్చా? కింద నిలబడి కండ్లతో కొలిచి ఇరిసినా."

రాళ్ల ట్రాక్టరు ఒకటి వెనక్కి తిప్పుకుంటూ స్తంభాన్ని గుద్దిపోయింది. అప్పటినుంచి స్తంభం రోజురోజుకూ వంగుతోంది, పెద్ద లైను వైరు జీవమ్మ రేకుల ఇంటి మీదికి దిగుతోంది. కొడుకు గాబ్రియేలు, కోడలు సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. మూడేళ్ల మనవరాలు ఈమె దగ్గరే.

"సందేళ గాలి లేస్తే సాలు, పిల్లనెత్తుకుని చర్చి కాడికి ఉరుకుతా. గాలి నిలిసిందాంక ఆడనే. పొయ్యి మీద గంజి పొయ్యి మీదనే. ఈ నెల గాల్లు ఇంగా మేలు. ఉగాది పోయినాంక వచ్చేటివి రేకులు ఎత్తుకపోతాయి నాయనా. రేకు లేసి దానికి తగిల్తే ఇంటిల్లిపాదీ బూడిదే."

"లైన్‌మన్‌కు చెప్పల్యా?" అన్నాడు నబీ సాహెబు.

"చెప్పినా సాబూ. వచ్చి మెడ ఎత్తి సూసినాడు. స్తంభం మార్చాల, పైనుంచి ఆర్డరు రావాల, మండలంలో అర్జీ ఇస్తే కంప్యూటర్లో మా ఆఫీసుకు వస్తాది అనె. దానికే గదా ఈయప్ప కాడికి తిరుగుతాండా."

తేజేశ్వర్ ఆమె రేషన్ కార్డు నంబరు కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. 'ఈ కుటుంబం నుండి వచ్చిన సమస్య ఇదివరకే రెండుసార్లు పరిష్కరించబడినది. మూడవసారి నమోదు వీలుకాదు.' పాత అర్జీలు తెరిచి చూశాడు. రెండూ ఉన్నాయి. రెండూ మూసి ఉన్నాయి. శాఖ అని ఉన్నచోట రెండింటికీ ఒకటే మాట: ఇతరములు.

అది చూడగానే అతనికి డిసెంబరులోని ఆ రోజు గుర్తొచ్చింది. బయట ఎనభై మంది. పన్నెండుకు కరెంటు పోతుంది. శాఖల జాబితాలో మొదటి పేజీలో కరెంటు బిల్లు ఉంది, మీటరు ఉంది, కొత్త కనెక్షన్ ఉంది. 'లైన్లు, స్తంభాలు' రెండో పేజీలో ఎక్కడో ఉంటుంది. ఆ నెట్‌కు పేజీ తిరగాలంటే రెండు నిమిషాలు. మొదటి పేజీ అడుగున ఇతరములు ఉంది. నొక్కేశాడు. రెండోసారీ అంతే.

ఇతరములకు ఒక ఆఫీసు లేదు, ఒక అధికారి లేడు. అందులో వేసిన అర్జీ ఎక్కడికీ పోదు. పదిహేను రోజులు అక్కడే కూర్చుని, ఎర్రబడి, తిరిగి తేజేశ్వర్ ముందుకే వస్తుంది. అతనే మూస్తాడు. హులికంటి వైరు సంగతి కరెంటు ఆఫీసులో ఒక్కరికి కూడా చేరలేదు. పొద్దున్నుంచి మూసిన నలభై ఒకటిలో ఇతరములు ఎన్నో లెక్కబెట్టాడు. పంతొమ్మిది.

"రొంతసేపు వరండాలో కూచో అక్కా. చీటీ ఇస్తా" అని మాత్రం అన్నాడు.

లోపలికి పోయి సంగతంతా చెప్పి, ఆ అర్జీ మళ్లీ తెరిపించమని అడిగాడు. రాఘవేంద్రప్రసాద్ విని కళ్లద్దాలు తీశాడు. చెడ్డ మనిషి కాదు. పోయిన నెల రెండు ఎరుపులకు మెమో తిన్నాడు, అంతే.

"మూసిన దాన్ని తెరిపియ్యాలంటే పైఆఫీసుకు రాయాల. రాస్తే ఏమడుగుతారు? సమస్య తీరకుండానే ఎట్ల మూసినారు అంటారు. ఎవరు మూసినారు అంటే అందులో నా పేరు ఉండాదా, నీ పేరు ఉండాదా?"

"లాగిన్ నాది సార్."

"మరి? ఇరవై నాలుగో తేదీ ఈ పొద్దు. ముప్పై ఒకటికి నీ కాగితం మీద నేను సంతకం పెట్టాల. ఆ పిల్లోడు తప్పుడు ఎంట్రీలు కొడతాడని పైన ఒక మాట పడితే నేనేమి రాసేది? పోప్పా, పని జూసుకో."

తేజేశ్వర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మిగిలిన ఇరవై రెండు అర్జీలు అలాగే ఉన్నాయి. కాసేపు వాటినే చూశాడు. తర్వాత కొత్త అర్జీ తెరిచి, అర్జీదారు అన్నచోట తన పేరే కొట్టాడు. కోడుమూరులోని తన ఇంటి రేషన్ కార్డు నంబరు వేశాడు. సమస్య ఉన్న ఊరు హులికంటి. రెండో పేజీ తిరిగేదాకా ఓపిగ్గా ఆగి, లైన్లు, స్తంభాలు నొక్కాడు. అడుగున 'ప్రాణాపాయం' అని ఒక చిన్న గడి ఉంటుంది. ఏడాదిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అందులో టిక్కు పెట్టాడు. తెర అర్జీని తీసుకుంది. తీసుకున్న మరుక్షణం ఆ వరుస ఎర్రబడింది. ప్రాణాపాయం అంటే పదిహేను రోజుల గడువు వర్తించదు, ఆఫీసు అధికారి అప్పటికప్పుడు తన పాస్‌వర్డ్‌తో కరెంటు వాళ్లకు పంపాలి.

మిగతా ఇరవై రెండు మూసేసరికి రెండున్నర. రాఘవేంద్రప్రసాద్ వచ్చి తెర చూశాడు.

"ఇదేంది?"

"పంపండి సార్. ఒక్క నొక్కు."

"నీకు తల తిరిగిందా? నువ్వే అర్జీ పెట్టి, నువ్వే ఎక్కించి, నువ్వే నన్ను అడుగుతాండావా? ఇది పోతే ఆ ఇంటి పాత అర్జీలు రెండూ దీని ఎంబడే బయటికొస్తాయి. మూసెయ్."

"మూయను సార్." ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తేజేశ్వర్‌కే అనుమానం వచ్చింది.

ఇంకో మాట పడేలోపు ఫోన్ మోగింది. ప్రతి సోమవారం మూడింటికి అన్ని మండలాల లెక్క అడిగే పైఆఫీసు ఆ రోజు ముందే లైన్లోకి వచ్చింది. రాఘవేంద్రప్రసాద్ స్పీకర్ నొక్కాడు. అవతల గొంతు ఒక్కో మండలం పేరు చదువుతూ వచ్చి వీళ్ల దగ్గర ఆగింది.

"అరవై మూడుకు అరవై మూడు. బాగుంది. ఒకటే ఎరుపు కనిపిస్తోంది, ఈ రోజుదే. అర్జీదారు తేజేశ్వర్. మీ ఆపరేటర్ పేరు కూడా అదే కదా?"

"అది టెస్టింగ్ ఎంట్రీ సార్. సిస్టమ్ పనిచేస్తాండాదా లేదా అని."

"ఆపరేటర్ ఉన్నాడా అక్కడ? ఏం బాబూ, టెస్టింగేనా?"

రాఘవేంద్రప్రసాద్ ఫోన్‌ను బల్ల మీద అతని వైపు జరిపాడు. కళ్లలోకి మాత్రం చూడలేదు. తేజేశ్వర్‌కు కోడుమూరు అంగట్లో 'మావాడు మండలాఫీసులో ఉండాడు' అని చెప్పుకునే నాయన గొంతు చెవుల్లో వినిపించింది. తలుపు సందులోంచి వరండాలో జీవమ్మ చీర అంచు కనిపిస్తోంది.

"అవును సార్" అన్నాడు. "టెస్టింగే."

"సరే, ఇక్కడినుంచే తీసేయిస్తాం. మీ మండలం నూటికి నూరు. మిగతావాళ్లు చూసి నేర్చుకోవాలి." గొంతు తర్వాతి మండలానికి వెళ్లిపోయింది. అయిదు నిమిషాల తర్వాత తెర మీద ఆ వరుస లేదు. ఎర్రగానూ లేదు, పచ్చగానూ లేదు.

నాలుగు గంటలకు అతను తెల్లకాగితం మీద చేత్తో అర్జీ రాసి, జీవమ్మను వెంటబెట్టుకుని సబ్‌స్టేషన్ దాకా నడిచాడు. అక్కడ లైన్ ఇన్‌స్పెక్టర్ కాగితం చేతిలోకే తీసుకోలేదు.

"ఇప్పుడు కాగితాలు యాడ తీసుకుంటాండారప్పా? అంతా కంప్యూటరే. నంబరు చెప్పు."

తేజేశ్వర్ పాత నంబరు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ తన కంప్యూటర్లో వెతికి తెరను వీళ్ల వైపు తిప్పాడు.

"ఇదో, సమస్య తీరిపోయినట్టు ఉండాది. తీరిన సమస్యకు కొత్త స్తంభం ఇయ్యమంటే మా సార్లు నన్ను కొడతారు. మీ మండలంలోనే మూసినారు, పేరు గూడ ఉండాది. ఎవరో తేజేశ్వర్ అంట. పోయి ఆయప్పను పట్టుకోండి."

బయటికొచ్చాక జీవమ్మ అడిగింది. "ఆ తేజేశ్వర్ అనేటోడు నీకు తెల్సా నాయనా? మీ ఆఫీసాయనే అంట గదా. నా మాటగా చెప్పి సూడు. పసిబిడ్డ ఉండాదని చెప్పు."

రోడ్డు మీద దుమ్ము చిన్నగా లేస్తోంది.

"నేనే అక్కా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, "నువ్వేనా?" అంది. ఆమె గొంతులో నిజంగానే కొంచెం ఆశ పలికింది. "అట్లయితే మేలాయె. మూసినోనివి నువ్వే అయితే తెరిసేది గూడ నీకు తెల్సుంటాది గదా."

తనకు తెలియదని అతను చెప్పేలోపే హులికంటి ఆటో వచ్చింది. గాలి లేవకముందే ఇల్లు చేరాలని ఆమె పరుగున పోయి ఎక్కింది.

ముప్పై ఒకటిన తేజేశ్వర్ కాగితం మీద సంతకం పడింది. 'పని చాలా బాగుంది' అని ఒక మాట ఎక్కువే రాశాడు రాఘవేంద్రప్రసాద్. ఉగాది వెళ్లిపోయింది. కరెంటు పైఆఫీసుకు తేజేశ్వర్ సొంత పేరుతో మూడు రిజిస్టర్ ఉత్తరాలు పంపాడు, ఒక దాంట్లో తన తప్పు కూడా ఉన్నదున్నట్టు రాశాడు. జవాబు రాలేదు. ఇప్పుడు శాఖల జాబితాలో రెండో పేజీ తిరిగేదాకా ఆగుతున్నాడు, బయట వరుస ఎంత గొణిగినా సరే. జీవమ్మ ఇల్లు మాత్రం ఆ జాబితాలోకి ఏ దారినా మళ్లీ రావడం లేదు. ఆమె సోమవారం సోమవారం వస్తూనే ఉంది. ఇది రాసే నాటికి వైరు అక్కడే ఉంది.

చదివిన మీరు ఆమెకు స్తంభం వేయించలేరు, తెలుసు. కానీ తీరని పనుల లెక్క ఉండవలసిన చోట ఆమె పేరు లేదు కాబట్టి, దాన్ని మీ దగ్గర ఉంచుకోండి. హులికంటి కాలనీ, జీవమ్మ. సాయంత్రం మీ ఇంటి కిటికీ రెక్క గాలికి కొట్టుకున్నప్పుడు, పొయ్యి మీద గంజి వదిలేసి, మనవరాలిని చంకనేసుకుని చర్చి వైపు పరుగెత్తుతున్న ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.