పెయ్యదూడ పాలు

నీ ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను గానీ కాళ్ళ కింద మన పశువుల పాకలోని గడ్డి మెత్తగా తగులుతుంది, కుర్చీల్లో ఆడాళ్ళు చీటీలు పట్టుకుని కూర్చున్నారు, ఆ చివర కుర్చీ పక్కన గొంతుకూర్చుని మీ అమ్మమ్మ అచ్చియ్యమ్మ ఆవుపాలు పితుకుతుంది హైమా, పోయి పదకొండేళ్ళయినా తల్లో అవే కనకాంబరాలు.

"ఏంటయ్యా, మనవరాలితో మాటలు మానేశావంట?" అంటుంది, తల తిప్పకుండానే.

"మా అన్నకొడుకు వీర్రాజుకి మాటిచ్చానే. వాడికి ఇద్దరూ ఆడపిల్లలే గదా, ఈసారి కడుపు పడకముందే మగపిల్లాణ్ణి ఏరి పెట్టించమన్నాడు. మన హైమ పిల్లల్లేనోళ్ళకి పిండాలు పెట్టే డాక్టరేగా, చేసేస్తదిలే అన్నాను. అదేమో పదిమందిలో 'చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా నేను చెయ్యను' అనేసింది. నా తల తీసేసినట్టయింది."

"ఉందిగా ఇంకా తల."

"నవ్వకే. కడుపులో ఉన్న పిల్లని తియ్యమన్లేదు గదా. ఇంకా లేనేలేని పిల్లకి అన్యాయమేంటి?"

పాలధార ఆగిపోద్ది, ఎప్పుడు మారిందో తెలీదు, వరండా అంతా మా అమ్మ వంటిల్లయిపోయింది, గట్టు మీద నూరిన పసరు పచ్చగా మెరుస్తుంది.

"మన మూడోపిల్ల మంగ కూడా అప్పటికి లేదుగా," అంటుంది మెల్లిగా. "ఇద్దరాడపిల్లల తర్వాత మీ అమ్మ ఈ పసరిచ్చి, కోడెదూడ పుట్టిన ఆవు పాలల్లో కలుపుకుని తాగు, మగపిల్లాడు పుడతాడంది. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు, నోరిప్పలేదు. నేను పసరు కుడితితొట్లో పారబోసి, పెయ్యదూడ ఉన్న ఆవు పాలు పితుక్కుని తాగాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేంటే! ఎందుకలా చేశావు?"

"వచ్చేదాన్ని గుమ్మంలో ఆపి, నువ్వెవరని అడగబుద్ధి కాలేదయ్యా. మంగ వచ్చింది. మంగ కడుపున హైమ వచ్చింది. నేను చాటుగా చేసిన పనే అది పదిమందిలో నిలబడి చేసింది. నీ తల ఎందుకు తీసేసినట్టయిందో గానీ, నాదైతే ఇంత ఎత్తు లేచింది."

నా గుండె పాకంత అయిపోద్ది, ఆవిడ పాలచెంబు నా చేతికిస్తుంది, నురగ ఇంకా వెచ్చగానే ఉంది.

మెలకువొచ్చేసరికి తెల్లారింది. మూడ్రోజులై నేను పలక్కపోయినా, నువ్వు మంచం పక్కనే నిలబడున్నావు. "ఫోనిటివ్వవే," అన్నాను. నువ్వు వింటుండగానే వీర్రాజుకి చెప్పాను: "మా డాక్టరు చెయ్యదురా. అది చెప్పిందే నా మాట కూడా. నీ ఇద్దరు పిల్లల్నీ బాగా చదివించుకో."

అప్పుడు చూశాను, నీ చేతిలో చెంబు.

"ఏంటే అది?"

"జున్నుపాలు తాతయ్యా. పక్కింటోళ్ళ ఆవు ఈనింది."

"ఏ దూడ?"

"పెయ్యదూడ," అన్నావు.