జైలు ముడి

సోమవారం ఉదయం సరుకు గది తలుపు తీసేసరికి ఆరు వల ఉయ్యాలలు లేవు. తాళం పగల్లేదు, గడియ విరగలేదు. నేత చట్రాల ముందు నిలబడిన ఆడవాళ్ళు ఏడుగురూ ఒక్కసారే తల తిప్పి గాస్పర్ వైపు చూశారు.

"కొక్కేలన్నా మిగిల్చాడా, అవీ పీక్కుపోయాడా?" అంది ఫెలిపా.

గాస్పర్ చేతిలో చెక్క సూది ఆగిపోయింది. నగల దుకాణం దోపిడీలో దొంగల బండి నడిపినందుకు మెరిదా నగరం జైల్లో నాలుగేళ్ళు ఉండి వచ్చిన మనిషి. ఈ నేత అక్కడే నేర్చుకున్నాడు. అతను లోపలుండగా భార్య విషజ్వరంతో పోయింది. ఏడేళ్ళ కూతురు సువేమి అమ్మమ్మ ఇంట్లో పెరుగుతోంది. ఆ ముసలామె పెట్టిన షరతు ఒక్కటే. "ఒకే చోట ఆరు నెలలు పని చేసి చూపించు, పిల్లని పంపిస్తా. ఒక్క రోజు తగ్గినా నా గుమ్మం ఎక్కకు."

ఇంకా ఇరవై రోజులున్నాయి. గాస్పర్ అద్దె గదిలో రెండో ఉయ్యాల అప్పుడే వేలాడుతోంది. సువేమి పడుకోడానికి, చిన్నది, పసుపురంగుది.

యజమాని వెనాన్సియో కేకలు వేసే మనిషి కాడు. "శనివారం దాకా చూస్తా. సరుకు రాకపోతే పోలీసులొస్తారు," అన్నాడు గాస్పర్ ముఖం చూడకుండా.

మధ్యాహ్నం బస్సుకి లాండి దిగింది. జైలు నుంచి వచ్చినవాళ్ళకి పని వెతికిపెట్టడమే ఆమె పని. గాస్పర్‌కి హామీ పడిందీ ఆమే. అతన్ని వీధిలోకి లాక్కొచ్చి నిలబెట్టింది.

"నా కళ్ళలోకి చూడు. తీశావా?"

"లేదక్కా."

"ఒట్టెయ్."

"నా కూతురి మీద ఒట్టెయ్యమంటావా? జైలోడు ఒట్టేస్తే నిజం కూడా అబద్ధంలా వినపడద్ది."

లాండి అతని చెయ్యి వదిలింది. "ఈ పాటికి ఆ సరుకు ఎక్కడుంటుంది?"

"మెరిదా బజార్లో. ఇంకెక్కడికి పోద్ది?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బజారులో దిగారు. వరసలు వరసలుగా వేలాడుతున్న వందల ఉయ్యాలల్ని గాస్పర్ కళ్ళతో వెతకలేదు, బొటనవేలితో వెతికాడు. కొక్కేనికి తగిలించే చివరి కన్నులోకి వేలు దూర్చి తడిమి, వదిలేసి, పక్కదానికి పోతున్నాడు. జైల్లో అందరి నేతా ఒకే కట్టలో బయటికి పోయేది. తన పని ఇంకొకడిది అనిపించుకోకుండా ప్రతివాడూ ఆ కన్ను లోపల, పైకి కనపడకుండా, సొంత ముడి వేసుకునేవాడు. గాస్పర్‌ది రెండు ముడులు, కాస్త ఎడం, మూడోది. బయటికొచ్చాక మానేద్దామనుకున్నాడు. వేళ్ళు వినలేదు.

అయిదో దుకాణంలో ఆ మూడో ముడి తగిలింది. తర్వాతి ఉయ్యాలలోనూ తగిలింది.

"ఏరికోరి పట్టావయ్యా తమ్ముడూ!" అంది దుకాణం నడిపే ఒబ్దులియా. "అచ్చమైన జైలు నేత. మొగుడూ పెళ్ళాం అందులో పడి కొట్టుకున్నా పోగు తెగదు."

"ఎవరు తెచ్చారమ్మా?" అంది లాండి.

"కొనేవాళ్ళకి అదెందుకు?"

"ఇది దొంగసరుకు. నువ్వు చెప్తే మేం వెళ్ళిపోతాం. చెప్పకపోతే ఇంకోళ్ళొస్తారు."

ఒబ్దులియా నోరు కాస్త తగ్గింది. "ఎర్ర ట్రక్కు అబ్బాయి. ముందు పన్ను బంగారంది. జైలు గేటు నుంచి నేరుగా తెచ్చానన్నాడు. మాకేం తెలుసు?"

గాస్పర్, లాండి ఒకరినొకరు చూసుకున్నారు. ఎర్ర ట్రక్కు, బంగారు పన్ను వెనాన్సియో అల్లుడు విల్బర్త్‌వి. సరుకు గది రెండో తాళంచెవి ఉన్నదీ అతని దగ్గరే.

"ఇది నువ్వు నేసిందేనా?" ఒబ్దులియా గాస్పర్ వేళ్ళకేసి చూస్తోంది. "నిజంగా లోపల్నించి వచ్చావా? అయితే నా కొట్టు ముందు కూర్చుని నెయ్యరాదూ. బోర్డు పెడతా. జనం ఎగబడి చూస్తారు."

గాస్పర్ ముందుకి నడిచాడు. లాండి ఒక ఉయ్యాల కొని సంచిలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఊరు కనపడుతుండగా గాస్పర్ లాండి వైపు తిరిగాడు. "యజమాని కూతురికి ఎనిమిదో నెల," అన్నాడు.

"నీకు కూతురు లేదా?" అంది లాండి.

సాయంత్రం వెనాన్సియో, గాస్పర్ చూపించినట్టే, లాండి తెచ్చిన ఉయ్యాల కన్నులోకి బొటనవేలు దూర్చాడు. ఒకటి, రెండు, కాస్త ఆగి, మూడు. ఎర్ర ట్రక్కు మాట విన్నాడు, బంగారు పన్ను మాట విన్నాడు. మంచినీళ్ళు తెచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయి, ఒక చేత్తో కడుపు పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయింది.

ముసలాయన గుమ్మం వైపు నుంచి తల తిప్పాడు. "నువ్వు దొంగవి కాదు గాస్పర్. ఎవరడిగినా చెప్తా, కాగితం మీద రాసిస్తా." ఉయ్యాలని మడత మీద మడత పెట్టాడు. "కానీ రేపట్నించి రాకు."

"అయ్యా, ఇంకా పంతొమ్మిది రోజులే..."

"అల్లుణ్ణి నేనెక్కడికి తరమను? నా పిల్ల బతుకది. పొద్దున్నే నీ ముఖం చూస్తే నాకు నా ఇల్లే కనపడుతుంది. నా వల్ల కాదు."

"అల్లుడు దొంగ, వీడు దొర. వెళ్ళేది మాత్రం వీడా? ఇదేం న్యాయం పెద్దాయనా?" అంది లాండి.

"న్యాయం కాదమ్మా," అన్నాడు వెనాన్సియో.

లోపల ఆడవాళ్ళు నేత ఆపలేదు. ఫెలిపా ఒక్కతే తల దించుకుంది.

సువేమి అమ్మమ్మ, వెనాన్సియో రాసిచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివింది. మడిచి తిరిగి ఇచ్చేసింది. "మంచి మాటలే రాశాడు. మంచోడివైతే ఎందుకు తీసేశాడు మరి?"

గాస్పర్ కాగితం జేబులో పెట్టుకున్నాడు. అల్లుడి సంగతి చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఎనిమిదో నెల పిల్ల తల దించుకోవాలి.

"మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలెట్టు," అందామె తలుపు మూస్తూ. సందులోంచి సువేమి చెయ్యి ఊపింది.

లాండి అతనికి పని కోసం పదకొండు చోట్ల అడిగింది. పదకొండు చోట్లా ఒకటే ప్రశ్న, వెనాన్సియో ఎందుకు తీసేశాడు? మూడో వారంలో గాస్పర్ మెరిదా బస్సెక్కాడు. ఒబ్దులియా కొట్టు ముందు అతని కోసం చట్రం సిద్ధంగా ఉంది. దాని మీద కొత్త బోర్డు, ఎర్ర రంగు ఇంకా ఆరలేదు: 'ఖైదీ చేతి నేత. దగ్గరికొచ్చి చూడండి.'

అతను బోర్డుకి వీపు పెట్టి నిలబడి, సూదికి దారం చుట్టాడు. ఇక్కడ మళ్ళీ ఆరు నెలలు గడిస్తే ఒక ఆదివారం అమ్మమ్మ పిల్లని వెంటబెట్టుకుని, అతను పని చేసే చోటు చూడ్డానికి వస్తుంది.

సువేమికి ఈ మధ్యే చదవడం వచ్చింది.