లుట్‌గార్ట్ దవడ

బెల్జియంలోని మా ఘెంట్ ఊరి ఆసుపత్రిలో ముఖాలు సరిదిద్దే డాక్టర్ కాస్టెలేన్‌ది మంచి హస్తవాసి. నోరే మంచిది కాదు. ఆడముఖమంటే ఎలా ఉండాలో ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నాడు. అందుకే ఆయన చేతిలోంచి బయటపడ్డవాళ్ళంతా అక్కచెల్లెళ్ళలా కనిపిస్తారు. నేను గోడెలీవ్‌ని, ఆపరేషన్ గదిలో ఆయనకు పనిముట్లు అందించే నర్సుని. నాకది నచ్చదు.

లుట్‌గార్ట్ ట్రామ్ నడుపుతుంది. యాభై దాటాక మగపేరు వదిలి ఆడపేరు పెట్టుకుని, నుదుటి ఎముక తగ్గించుకోవడానికి వచ్చింది. డాక్టర్ కంప్యూటర్‌లో చూపించిన బొమ్మలో ఆమె పలక దవడ కూడా సన్నబడి ఉంది.

"దవడ వద్దండీ. మా అమ్మాయి ఫెన్నేదీ అచ్చం ఇదే దవడ. ఇది వికారమని నేనే చెక్కించుకుంటే, రేపు అది అద్దంలో ఏం చూసుకుంటుంది?"

"సగం పని చేయించుకుంటే సగం ఆడదానిలా ఉంటావమ్మా."

"ఉంటే ఉంటాను."

కత్తి పెట్టే ముందు మేమంతా ఒక్క క్షణం ఆగాలి. రోగి పేరు, చేయబోయే పని ఒకరు పైకి చెప్పాలి, మిగతావాళ్ళు ఔననాలి. ఆ రోజు లుట్‌గార్ట్ మత్తులో ఉండగా డాక్టరే చెప్పాడు. "నుదురు. కాస్త దవడ కూడా."

"దవడ లేదు డాక్టర్ గారూ," అన్నాను.

"ఒకే దెబ్బకు రెండు పిట్టలు, సిస్టర్. లేచాక తనే సంతోషిస్తుంది."

"అయితే లేచాకే అడగండి. ముఖం మీకేం రాసివ్వలేదు."

ఎవరూ ఔననలేదు. దవడ మిగిలింది. ఆ సాయంత్రం నన్ను చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఏడాది తిరక్కుండానే లుట్‌గార్ట్ కూతుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. ట్రామ్‌లో ఎవడో ఆమె దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మగాడివేగా నువ్వు?" అని నవ్వాడట. బండి నిండా జనం, ఒక్కరూ అడ్డుపడలేదట.

"ఇక తీసేయండి," అంది.

నే చెప్పలేదా అన్నట్టు డాక్టర్ నావైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"నువ్వేమంటావమ్మా?" అని ఫెన్నేని అడిగాను.

ఆ పిల్ల లుట్‌గార్ట్ చెయ్యి పట్టుకుంది. పిలుపు మాత్రం ఇద్దరూ మార్చుకోలేదు. "రోజూ భయంభయంగా ఎందుకు నాన్నా, చేయించేసుకో. నా దవడ నాకుందిలే."

ఆపరేషన్ రోజు పైకి చెప్పే వంతు నాకొచ్చింది. "దవడ," అన్నాను.

"అభ్యంతరమేమైనా ఉందా సిస్టర్?" డాక్టర్ వెటకారం.

"ఉంది. ఆ ట్రామ్‌లో వాళ్ళ మీద. వాళ్ళెవరూ ఈ బల్ల మీద లేరు."

రంపం అందించాను.