అత్తయ్య కూర్చున్న బొమ్మ

"మళ్ళీ మొదలెట్టావా పిచ్చిగీతలు?" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే. మొదలెట్టాను. రోజూ మొదలెడతాను. పొద్దున్నే కుక్కరు పొయ్యెక్కించి, అది కూతపెట్టేలోపు వంటగది గుమ్మంలో చతికిలబడి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని గీసేస్తాను. మొదట్లో ఈయన ముక్కు బంగాళాదుంపలా వచ్చేది. "నా మీద కసంతా ఇలా తీర్చుకుంటున్నావా?" అని నవ్వేవారు. నాకు నవ్వూ వచ్చేది, ఉక్రోషమూ వచ్చేది. మానలేదు. గీసి, చెరిపి, మళ్ళీ గీసి, పెన్సిళ్ళు అరగదీయగా అరగదీయగా ఒకరోజు కాలు మీద కాలేసుకున్న మనిషి అచ్చంగా కాగితం మీదికి దిగిపోయాడు. చెయ్యి తిరగడమంటే ఇదే కాబోలు! గెంతులేయాలనిపించింది. ఆ సంబరంలో అన్నం మాడింది. "బొమ్మ తినమంటావా?" అన్నారు. తినండి, అదే బాగా కుదిరింది, అన్నాను.

సోఫాలో కునికిపాట్లు పడే మామయ్య ఇంకా బాగా కుదిరారు. కుదరనిదల్లా అత్తయ్యే. ఒక చెయ్యి, కొంగు చివర, విసురుగా మళ్ళిన భుజం. మొహం గీద్దామనుకునేసరికి ఆ మొహం కాస్తా పెరట్లో ఉండేది.

ఆదివారం క్లాసులో డ్రాయింగు మాస్టారు నా కాగితాలన్నీ తిరగేశారు. "మగవాళ్ళు చక్కగా వస్తున్నారమ్మా. ఆడవాళ్ళ శరీరమే మీకింకా పట్టుబడలేదు."

మొహం మాడ్చుకుని బస్సెక్కాను. ఒళ్ళో ఆ కాగితాలే పెట్టుకుని చూస్తుంటే తట్టింది. పట్టుబడకపోవడం కాదు మహానుభావా! మగవాళ్ళు కూర్చునున్నారు. అత్తయ్య కూర్చుంటేగా! ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మోకాళ్ళు ఒకచోట ఆగగా నేను చూడనేలేదు. రేపు నన్నెవరైనా గీసినా నాదీ కొంగు చివరే మిగులుతుందనుకుంటే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు అత్తయ్య చేతిలోంచి బట్టల బుట్ట లాక్కున్నాను. "కూర్చోండి. మీ బొమ్మ గీయాలి."

"నా మొహం! ఈ వయసులో నాకు బొమ్మేంటే? అవతల బోలెడు పనుంది."

"ఉండనివ్వండి. ఎక్కడికీ పారిపోదు."

బస్సు కోసం చూస్తున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు నలిపారు. కాసేపయ్యాక మెల్లగా అడిగారు: "వీపు ఆనించొచ్చా అమ్మాయ్?"

"ఆనించండత్తయ్యా."

సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి మా ఆయన కేక. "అమ్మా, టీ!"

అత్తయ్య లేవబోయారు. అయిపోయింది, మళ్ళీ కొంగు చివరే అనుకున్నాను. ఆవిడ సగం లేచి, నా వంక చూసి, మళ్ళీ కూర్చున్నారు.

"కదలొద్దందిరా మీ ఆవిడ. బొమ్మ చెడుతుందట. నువ్వే పెట్టుకో. ఆ చేత్తోనే మా ఇద్దరికీ కూడా."

ముందుగదిలో పేపరు మడిచిన చప్పుడైంది. తరవాత వంటగదిలోంచి, "టీపొడి ఎక్కడుందే?"

"వెతుక్కోరా!" అన్నారు అత్తయ్య. నవ్వాపుకోలేక ఆవిడ భుజాలు ఊగిపోయాయి. నా చేతిలో పెన్సిలూ ఊగిపోయింది.

గిన్నెల మోత సాగుతూనే ఉంది. అత్తయ్య కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకునే అడిగారు. "అయిందా అమ్మాయ్?"

బొమ్మ ఎప్పుడో అయిపోయింది, మోకాళ్ళతో సహా.

"ఇంకా చాలా ఉందత్తయ్యా, కదలకండి" అన్నాను, ఉత్త పెన్సిలు గాల్లో ఆడిస్తూ.