పదిహేడో నంబరు క్యారేజీ

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. నా మూత మీద ఎర్ర రంగుతో 17 అని రాసి ఉంటుంది. ఇదే అంకె వేసుకున్నది ఇంకొకటి ఉంది, నా జత. ఒకటి అన్నంతో కొండెక్కితే రెండోది ఖాళీగా కొండ దిగాలి. ఆరేళ్ళపాటు మేమిద్దరం కలుసుకున్నది ఒక ముసలావిడ గుమ్మం దగ్గర, భోజనం మోసుకొచ్చే మీరావలి ఒకదాన్ని ఇచ్చి ఒకదాన్ని అందుకునే ఆ ఒక్క నిమిషమే.

నన్ను పుట్టించిన మిషను ఏ ఊళ్ళోదో గుర్తులేదు. రేకు కోశారు, వంచారు, మెరుగు పెట్టారు. ఆ మెరుపు చూసుకుని ఏ పెళ్ళివారింటికో పోతాననుకున్నాను. పోయింది బెజవాడలో ఒక ట్రస్టు వంటశాలకి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి వాళ్ళు మధ్యాహ్నం భోజనం పంపుతారు.

గుణదల కొండ మీద నూట పన్నెండు మెట్లెక్కితే సువార్తమ్మ గది. ఆస్పత్రిలో ఆయాగా చేసి, ఊళ్ళో సగం మంది పిల్లలకి మొదటి స్నానం పోసిన మనిషి. డెబ్భై ఎనిమిదేళ్ళు. తనకంటూ ఎవరూ లేరు. ఒక్క ప్రాణానికి పొయ్యి వెలిగించడం దండగని టీ, బన్నుతో రోజులు నెట్టేది. కళ్ళు తిరిగి రెండుసార్లు పడింది కూడా. నేను వెళ్ళిన రెండు నెలలకి, గోడ పట్టుకోకుండా మెట్లు దిగి ఆదివారం ప్రార్థనకి వెళ్ళింది. అదంతా నాలోని పప్పు గొప్పే అనుకున్నాను. కాదు. సగం గొప్ప మీరావలిది.

మీరావలికి యాభై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. ఎక్కి వచ్చి గుమ్మంలో చతికిలబడేవాడు.

"మామ్మా, క్యారేజీ!"

"ఇయ్యాల కూడా సొరకాయేనా? మీ ట్రస్టోళ్ళ పెరట్లో ఇంకేం కాయదేంట్రా?"

"తిట్టుకుంటా అయినా తిను మామ్మా. నువ్వు తినకపోతే నా మోకాళ్ళ ఉసురు తగులుద్ది నీకు."

ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని ఆవిడ పట్టుదల. గుమ్మం పక్కన పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క ఉండేది. రోజూ క్యారేజీ కడిగి, పై గిన్నెలో ఒక రెబ్బ వేసి, కొక్కెం బిగించి ఇచ్చేది. సగం మెట్ల దగ్గర ఆగి, మూత తీసి ఆ వాసన చూడటం మీరావలి అలవాటు. ఒకరోజు తీస్తే రెబ్బ లేదు. మోకాళ్ళని తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కాడు. ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది.

"జరమొచ్చిందని చెప్పొచ్చుగా మామ్మా!"

"నువ్వు కంగారుపడతావని చెప్పలా."

ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. బతికింది.

మనుషులు తెలివైనవాళ్ళు కదా, బాగా నడుస్తున్నదాన్ని అలా ఉండనివ్వరు. ట్రస్టుకి కొత్త మేనేజరు వచ్చాడు. క్యారేజీలు కడగడం దండగ అన్నాడు. ఇకమీదట ప్లాస్టిక్ డబ్బాలు. సంచీ తలుపు పక్క మేకుకి తగిలించాలి, ఫోన్లో ఫోటో తీయాలి, దిగిపోవాలి. "మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పడానికా నిన్ను పెట్టుకుంది?" అని మీరావలిని కొండ వెనక వీధులకి మార్చేశాడు.

ఆ మార్పు వచ్చిన రోజున నేను సువార్తమ్మ ఇంట్లో ఉన్నాను. అలాగే ఉండిపోయాను. అయినా రోజూ నన్ను కడిగి, రెబ్బ మార్చి, గుమ్మంలో పెట్టేది.

"మీ గిన్నె మీరు పట్టుకుపొండయ్యా. పరాయి సొమ్ము నాకెందుకు?"

"ఇప్పుడవి తీసుకోట్లేదు మామ్మా," అనేవాడు కొత్తతను, ఫోన్లోంచి తలెత్తకుండానే.

ఒక మంగళవారం పొద్దున రెబ్బ వేసి, కొక్కెం బిగించి, నన్ను పట్టుకుని తలుపు వైపు నడుస్తూ పడిపోయింది. తుంటి విరిగింది. తలుపుకి లోపల గడియ. మధ్యాహ్నం మేకుకి సంచీ తగిలిన చప్పుడు వినబడింది. పిలిచింది. ఆ గొంతు తలుపు దాకా పోలేదు. అప్పుడు నన్ను దగ్గరికి లాక్కుని గచ్చుకేసి కొట్టడం మొదలుపెట్టింది.

నాకు నోరు లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రోజు నా శక్తికొద్దీ అరిచాను. కానీ మధ్యాహ్నం పూట కొండ మీద ప్రతి గుమ్మం ముందూ గిన్నెలు తోముతారు. స్టీలు మోత ఎవరికి కొత్త? గోడవతల పక్కింటావిడ నవ్వడం కూడా విన్నాను.

"సువార్తమ్మ మామ్మకి ఇయ్యాల ఓపిక బాగా వచ్చినట్టుందే, తెగ తోముతోంది!"

బుధవారం సంచీని మంగళవారం సంచీ మీదే తగిలించారు. కిటికీ సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. ఫోటోలో రెండూ పడి ఉంటాయి. చూసినవాళ్ళు లేరు. సాయంత్రానికి నన్ను ఎత్తే బలం ఆవిడ చేతికి లేదు. ఊరికే నా మీద చెయ్యి వేసి పడుకుంది.

గురువారం పొద్దున్నే మీరావలి వచ్చాడు. తన వీధి కాదు, ఎవరూ రమ్మనలేదు, ఎందుకో బెంగపెట్టుకుని వచ్చాడు. రెండు సంచీలు చూసి గడియ ఊడేలా తలుపు తన్నాడు.

"క్యారేజీ కడిగే ఉంచాన్రా," అందావిడ. "రెబ్బ కూడా వేశా."

నలుగురు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు. ఎనిమిదో రోజున ఆస్పత్రిలోనే పోయింది. మేనేజరు వచ్చి దండ వేశాడు. "భోజనం ఒక్కరోజు కూడా ఆపలేదు. ఫోటోలున్నాయి," అన్నాడు. నిజమే, ఆపలేదు.

గది ఖాళీ చేసినవాళ్ళు నన్ను పాతసామాన్ల బండిలో వేశారు. కొట్టుకి వచ్చి చూస్తే ట్రస్టు క్యారేజీలన్నీ ముందే చేరి ఉన్నాయి. గుట్టలో ఎర్ర 17 కనబడింది. ఆరేళ్ళలో మొదటిసారి మేమిద్దరం ఆ ఒక్క నిమిషం దాటి ఒకచోట ఉన్నాం. ఎటూ వెళ్ళే పని లేదు.

ఇవాళ కొట్టాయన తూకం వేసేముందు నా కొక్కెం విప్పి బోర్లించాడు. పై గిన్నెలోంచి ఎండిన కరివేపాకు రెబ్బ రాలింది. చెప్పుకాలితో పక్కకి నెట్టాడు. నేను ఖాళీగా రాలేదయ్యా అని చెప్పాలనిపించింది. కానీ నన్ను నేలకేసి కొట్టే చెయ్యి ఇప్పుడు లేదు.