వదిన టవరు

వదినామరదళ్ళది చెరో ఇల్లు. అయినా పోట్లాటకేం లోటు రాలేదు. ఇద్దరూ పోటీ సెల్ కంపెనీల కంట్రోల్ రూముల్లో అధికారులు మరి! వేరే ఊళ్ళలో ఒకరి ఫోన్లు ఇంకొకరి టవర్ల మీద పలుకుతాయి. ఇక్కడ మాత్రం కొండ మీద టవరు వదిన కంపెనీది, వదినేమో మరదలి ఫోన్లని రానివ్వడానికి ససేమిరా అంది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషని మరదలు చుట్టాలందరి దగ్గరా ఆడిపోసుకునేది.

ఆ పొద్దున గాలివానకి మరదలి కంపెనీ టవరు కాస్తా కూలింది. కాసేపటికి కొండ అవతల మిల్లు గోడ పడి, పనివాళ్ళు రాళ్ళ కింద చిక్కుకున్నారు. అటువైపు అంబులెన్సు డ్రైవర్లందరివీ మరదలి కంపెనీ సిమ్ములే. ఒక్కడి ఫోనూ మోగదు!  మరదలు పంతం పక్కనపెట్టి బల్ల మీది ల్యాండ్‌లైను ఫోను అందుకుంది.

"వదినా, మావాళ్ళని నీ టవరు మీదికి రానివ్వవూ?"

"గోడ సంగతి తెలియగానే తెరిచేశాను. నువ్వు అడిగేదాకా కూర్చోడానికి నేనేమన్నా బండరాయినా? కానీ ఒక్కడూ రావడంలేదే!"

మరదలు నెత్తి కొట్టుకుంది. "మా ఫోన్లు ఎలా వస్తాయి? మా టవరు కూలినప్పట్నించీ నీ టవరు వాటిని పొమ్మంటూనే ఉందిగా. టవరు తన ఏరియా నంబరు చెప్పి ఒకసారి పొమ్మంటే ఫోను ఆ నంబరుని గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసేదాకా ఆ గడప తొక్కదు."

"నా టవరు ఏరియా నంబరు మార్చేస్తే?"

"కొత్త చోటనుకుని వస్తాయి. కానీ వదినా, మార్చేటప్పుడు మీవాళ్ళ ఫోన్లన్నీ ఆగిపోతాయి. మీ పైవాళ్ళు ఊరుకోరు."

"ఊరుకోకపోతే పోనీ," అంది వదిన. టకటకా మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.

మరదలి కంప్యూటరు తెర మీద వదిన టవరుకి తగులుకున్న ఫోను ఒకటి కనిపించింది. ఇంకోటి, ఆ తర్వాత బిలబిలమంటూ బోలెడు. పక్క బల్లాయన అంబులెన్సు డ్రైవరుకి ఫోన్ చేశాడు. "చెప్పండి, ఎక్కడికి రావాలి?" అంది అవతలి గొంతు.

మరదలు "హమ్మయ్య!" అనేలోపే ఫోన్లో, వదిన గదిలో ఆవిడ పైఅధికారి ఎవరో కేకలేయడం వినపడింది. మనవాళ్ళ ఫోన్లెందుకు పోయాయి, ఎవరాపారు?

"నేనే ఆపాను సార్," అంది వదిన, తొణక్కుండా. "మనవాళ్ళు రెండు నిమిషాలు ఆగారు. రాళ్ళ కింద ఉన్నవాళ్ళు ఆగలేరు."

ఎంత మనిషి! ఎన్నేళ్ళు నోరు పారేసుకున్నానా అని మరదలికి సిగ్గేసింది. వదిన తనింటికొస్తే ఏనాడూ కుర్చీలోంచి కదలని మరదలు, రిసీవరు చెవి దగ్గర పెట్టుకునే లేచి నిలబడింది.